బీదర్‌కు ఒక్క పూట చాలదమ్మా

(చరిత్ర, ప్రయాణాల మీద పాఠకులు అడిగే ప్రశ్నలకు నెల్లూరుకు చెందిన రిటైర్డ్ సోషల్ మాస్టారి జవాబులు)

పోయిన నెల ఈ శీర్షికలో కర్ణాటకలోని బీదర్ గురించి నాలుగు మాటలు రాసి, వీలైతే చూసి రమ్మన్నాను. ఒంగోలు, కావలి, కనిగిరి, ఇంకా పైన మార్కాపురం వైపు నుంచి కూడా ఉత్తరాలు వచ్చాయి. అందుకని ఈసారి జవాబులన్నీ ఆ ఊరి చుట్టూనే. పేర్లు వేయవద్దని కొందరు కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మాస్టారూ, మా వారు రిటైరయ్యారు. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. సంక్రాంతి తర్వాత దాని దగ్గరికి వెళ్తున్నాం. బీదర్ వెళ్దామంటే, "పొద్దున కారులో వెళ్ళి సాయంత్రానికి వచ్చేద్దాం, కోట ఒక్కటే కదా" అంటోంది. మా వారికి మోకాళ్ళ నొప్పులు. ఒక్క రోజులో అవుతుందా? ముందు ఏది చూడాలి?
(ఒక గృహిణి, ఒంగోలు)

జవాబు: అమ్మా, కోట ఒక్కటే అయితే మీ అమ్మాయి లెక్క సరిపోతుంది. సంగారెడ్డి, జహీరాబాద్ మీదుగా నూటనలభై కిలోమీటర్ల చిల్లర దూరం. కానీ నేను మాత్రం ఒప్పుకోను. ఆ రాత్రికి అక్కడే ఉండండి. బీదర్‌లో కోట ఎంత చూడాల్సిందో, కోటను ఆనుకుని ఉన్న పాత ఊరు కూడా అంత చూడాల్సిందే. చాలామంది కోటలో ఫొటోలు దిగి, ఊళ్ళోంచి వచ్చేటప్పుడు కారు అద్దాలు ఎక్కించేసుకుని వెళ్ళిపోతారు. ఆ ఊరికీ చుట్టూ గోడ ఉంది. అలీ బరీద్ అనే రాజు 1555-58 మధ్య కట్టించాడు. షాగంజ్, ఫతే, మంగల్‌పేట, దుల్హన్, తాల్‌ఘాట్ అని ఐదు దర్వాజాలు. ఇవాళ్టికీ ఆ దర్వాజాల కింది నుంచి పిల్లలు బడికి పోతుంటారు, ఆటోలు హారన్ కొడుతుంటాయి. టికెట్ పెట్టి తాళం వేసిన చోటు కాదది, జనం కాపురం ఉండే చోటు. నాకు బీదర్ మీద ఇంత ఇష్టం కలగడానికి అదే కారణం.

నా మాట వింటే, మొదటి రోజు ఊరు చూడండి. రెండో రోజు ఎండ ఎక్కకముందే కోట. తిరుగు ప్రయాణానికి ముందు అష్టూరులోని సుల్తాన్ల సమాధులు.

ఊరి నడిబొడ్డున చౌబారా అని గుండ్రటి బురుజు ఒకటుంది, 71 అడుగుల ఎత్తు. నాలుగు దారులు కలిసే చోట, నాలుగు దిక్కులూ కనిపెట్టి చూడడానికి కట్టినది. అక్కడ కారు దిగి కోట వైపు నిదానంగా నడవండి. మోకాళ్ళ నొప్పులున్నవారికి కూడా భయపడేంత దూరం కాదు. దారిలోనే మహమూద్ గవాన్ మదరసా వస్తుంది. అక్కడ మాత్రం తొందరపడకండి.

ఆ మదరసాను 1472లో కట్టించారు. మూడంతస్తులు. మసీదు, గ్రంథాలయం, పాఠాలు చెప్పే హాళ్ళు, పండితులకు ఇళ్ళు, చదువుకునే పిల్లలకు గదులు అన్నీ ఒకే కప్పు కింద ఉండేవి. ముందు గోడ నిండా రంగు పలకలు తాపడం చేశారు. ఆకుపచ్చ, పసుపు, తెలుపు, నీలం. పర్షియా నుంచి వచ్చిన పనితనం అది. ఇప్పుడు సగమే మిగిలింది. రెండు మినార్లకు ఒకటే నిలబడి ఉంది. ఔరంగజేబు కాలంలో, 1696 ప్రాంతంలో, లోపల దాచిన తుపాకి మందు పేలి ముందు భాగం ఎగిరిపోయింది. బడిలో మందుగుండు దాచారు! నలభై ఏళ్ళ దరిదాపు బళ్ళోనే బతికినవాణ్ణి, నాకిది ఇప్పటికీ మింగుడుపడదు. ఆ విరిగిన వైపు నిలబడి, మిగిలిన మినారు మీద అడ్డంగా వంకీలు తిరిగిన రంగుల వరసలు చూడండి. పోయింది ఎంతటిదో తెలుస్తుంది.

కట్టించిన మనిషి గురించి తెలుసుకుని వెళ్తే ఇంకా బాగుంటుంది. గవాన్ పర్షియాలోని గీలాన్ ప్రాంతం వాడు. వ్యాపారం మీద ఇటు వచ్చి, చివరికి బీదర్ రాజధానిగా ఉన్న బహమనీ సుల్తాన్ల రాజ్యానికి ప్రధానమంత్రి అయ్యాడు. నాలుగు సుబాలుగా, అంటే రాష్ట్రాలుగా, ఉన్న రాజ్యాన్ని ఎనిమిదిగా విడగొట్టాడు. ఒక్కో సర్దారు చేతిలో ఒక్క కోట మాత్రమే ఉండాలని కట్టడి చేశాడు. సర్దార్లకు ఒళ్ళు మండింది. ఆయన ముద్రలు కాపాడే నౌకరుకు బాగా తాగించి, తెల్ల కాగితం మీద ముద్ర వేయించుకున్నారు. ఆ కాగితం మీద ఒడిశా గజపతి రాజుకు "మా రాజ్యం మీదికి దండెత్తి రండి" అని ఆయనే రాసినట్టు ఉత్తరం పుట్టించారు. సుల్తాన్ మూడో మహమ్మద్ షా అప్పుడు దండయాత్రలో ఉండి కొండపల్లిలో విడిది చేశాడు. మన బొమ్మల కొండపల్లే! అక్కడికి గవాన్‌ను పిలిపించి ఉత్తరం చూపిస్తే, ముద్ర నాదే గాని ఉత్తరం నాది కాదన్నాడు ఆయన. సుల్తాన్ వినలేదు. 1481 ఏప్రిల్ 5న, డెబ్బై దాటిన ఆ ముసలాయన తల తీయించాడు. తర్వాత ఆస్తి జప్తు చేద్దామని లెక్కలు తీస్తే డబ్బు పెద్దగా కనపడలేదు. జీతం రాళ్ళు సైన్యానికీ, పేదలకూ పోయేవి. తన తిండి ఖర్చు మాత్రం మొదట తెచ్చుకున్న వ్యాపార సొమ్ములోంచి పెట్టుకునేవాడు. సుల్తాన్ కూడా ఏడాది తిరక్కుండానే పోయాడు. ఆ రాజ్యం మెల్లగా ఐదు ముక్కలైంది. అందులో ఒకటి గోల్కొండ.

మీ అమ్మాయికి ఈ కథ చెప్పండమ్మా. బీదర్‌లో జరిగిన కథకు ముగింపు కృష్ణా ఒడ్డున, మన తెలుగు నేల మీద జరిగిందని తెలిస్తే తను కూడా ఒక్క పూటతో సరిపెట్టుకోదు.

కోట విషయం. ఊరి వైపు నుంచి వెళ్తే ముందు కందకం దాటాలి. ఒక్క కందకం కాదు, వరసగా మూడు. మట్టి తవ్వి గట్టు పోసినవి కావు, కొండరాతినే తొలిచి, మధ్యలో రాతి గోడలు అలాగే వదిలేశారు. షర్జా దర్వాజా మీద రెండు పులి బొమ్మలుంటాయి, అది 1503 నాటి పని. లోపల దారి చాలావరకు చదునే. కానీ కోట చాలా పెద్దది, చుట్టుగోడే ఐదు కిలోమీటర్ల పైన. మీ వారిని అంతా తిప్పవద్దు. కారు ఎక్కడిదాకా పోనిస్తారో గేటు దగ్గర అడిగి, అక్కడి నుంచి రెండే చూపించండి. ఒకటి సోలా ఖంబా మసీదు. రెండోది రంగీన్ మహల్.

సోలా ఖంబా అంటే పదహారు స్తంభాలు. 1423-24 నాటిది. రాజధాని గుల్బర్గా నుంచి బీదర్‌కు పూర్తిగా మారే రోజుల్లోనే లేచిన మసీదు. లావాటి గుండ్రటి స్తంభాలు, అలంకారం తక్కువ. ఎండలోంచి లోపలికి పోగానే ఒళ్ళు చల్లబడుతుంది. కూర్చోవడానికి మంచి చోటు.

రంగీన్ మహల్‌కు నేను వెళ్ళినప్పుడు తాళం వేసి ఉంది. పురావస్తు శాఖ సిబ్బందిని మర్యాదగా అడిగితే ఒక పెద్దాయన వచ్చి తీశాడు. చిన్న చిన్న గదులే. చెక్క స్తంభాల మీద ఒక్క అంగుళం వదలకుండా చెక్కిన పని. లోపలి గుమ్మానికి నల్లరాతిలో ముత్యపు చిప్ప పొదిగి పర్షియన్ పద్యాలు రాశారు. పెద్దాయన టార్చి కాంతి ఏటవాలుగా పడేట్టు పట్టుకున్నాడు. చిప్ప ఒక్కసారిగా గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో వెలిగింది. నేరుగా వేస్తే అంత కనపడదట. మీరు కూడా ఫోన్ లైటు పక్క నుంచి వేసి చూడండి. చెయ్యి మాత్రం వేయవద్దు. చిప్పలు చాలా ఊడిపోయాయి, ఉన్నవైనా ఉండాలి.

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. మా నీళ్ళ సంగతి మీకు తెలిసిందే, బోరు వేస్తే ఫ్లోరైడ్. బీదర్ గుట్ట మీద ఉన్న ఊరని రాశారు. పక్కన నది లేదు. అంత పెద్ద రాజధానికి అప్పట్లో నీళ్ళు ఎక్కడివి?
(ఒక రైతు, కనిగిరి)

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న మీదేనయ్యా. గైడ్లు రాజుల పేర్లు చెప్తారు గాని ఈ సంగతి ఎవరూ ఎత్తరు.

బీదర్ గుట్ట పైభాగమంతా ఒక రకం ఎర్రరాయి. తుప్పు రంగులో, చిల్లులు చిల్లులుగా ఉంటుంది. లాటరైట్ అంటారు. తవ్వేటప్పుడు మెత్తగా కోతకు వస్తుంది, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. కోటగోడకూ అదే రాయి, కందకం తొలిచిందీ అదే రాతిలో. వాన కురిస్తే ఆ చిల్లుల గుండా నీరు లోపలికి ఇంకిపోతుంది. దాని అడుగున నల్లరాయి ఉంది. అది నీటిని అంతగా దిగనివ్వదు. అందుకని ఇంకిన నీరు ఎర్రరాయికీ నల్లరాయికీ మధ్యన పక్కకు పారి, గుట్ట అంచుల్లో ఊటలుగా బయటికి వస్తుంది. నరసింహ స్వామి గుహలో భక్తులు మొలలోతు నీళ్ళలో నడిచిపోయి దర్శనం చేసుకునేది ఈ రకం ఊటనీటిలోనే. గురుద్వారా ఉన్న నానక్ ఝీరా కూడా అలాంటి ఊటే.

బహమనీ సుల్తాన్ల దగ్గరికి పర్షియా నుంచి పండితులూ, సైనికులే కాకుండా నీళ్ళ పని తెలిసిన వాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళ దేశంలో కరేజ్ అని ఒక పద్ధతి. ఎత్తు మీద నీటిపొర తగిలేదాకా ఒక తల్లిబావి తవ్వుతారు. దాని అడుగు నుంచి భూమి లోపలే కాలువలాగా సొరంగం తవ్వుకుంటూ పోతారు. సొరంగం వాలు చాలా కొద్దిగా ఉండాలి. ఎక్కువైతే ప్రవాహం కోసేస్తుంది, తక్కువైతే పూడిపోతుంది. మధ్య మధ్యలో పైనుంచి బావుల్లాంటి బిలాలు దింపుతారు. తవ్విన మట్టి పైకి తీయడానికీ, లోపల పనివాళ్ళకు గాలి ఆడడానికీ అవే. తర్వాత ఊళ్ళోవాళ్ళు వాటిలోంచే నీళ్ళు చేదుకుంటారు. చివరికి సొరంగం పల్లంలో బయటపడి, నీళ్ళు వాటంతటవే వస్తాయి. ఏతం లేదు, కపిల లేదు. భూమి కింద కాబట్టి ఎండకు ఆవిరి కూడా కాదు.

బీదర్ పక్కన నౌబాద్‌లో అలాంటిది ఉంది. మూడు కిలోమీటర్ల దరిదాపు పొడవు, 21 బిలాలు. అక్కడివాళ్ళు సురంగ్ బావి అంటారు. చాలా కాలం చెత్తతో పూడిపోయి, ఇళ్ళ కింద, రోడ్ల కింద పడి మరుగైపోతే, ఈమధ్య సంవత్సరాల్లో కొంత పూడిక తీశారు. మీరు వెళ్తే ఒక బిలం అంచున కూర్చుని కిందికి చూడండి. గడ్డపారతో, దీపం వెలుగులో, ఐదారు వందల ఏళ్ళ కిందట వాలు తప్పకుండా తవ్వినవాళ్ళు ఎవరో మనకు పేర్లు లేవు. గవాన్ పేరుంది, అలీ బరీద్ పేరుంది. వీళ్ళవి ఉండాల్సింది.

మీ ప్రాంతంలో ఇదే పద్ధతి పనిచేస్తుందా అని అడుగుతారేమో. మన కనిగిరి, పామూరు వైపు భూమి వేరు. అక్కడ బీదర్ ఎర్రరాయిలాంటిది లేదు, కింద ఉన్నది గట్టి రాయి. ఆ రాతిలోంచే ఫ్లోరైడ్ నీళ్ళలోకి దిగుతోంది. కరేజ్ తవ్వినా అదే నీరు వస్తుంది. కానీ పడిన వాననీటిని చెరువుల్లో నిలుపుకోవడం మన పెద్దలు చేసిన పనే కదా. నౌబాద్ చూసి వచ్చాక మీ ఊరి చెరువు కట్ట మీద ఒకసారి నడవండి.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. ఫ్రెండ్స్‌తో బీదర్ వెళ్తానంటే మా అమ్మ, "మసీదుల్లోకి, సమాధుల్లోకి పోవద్దు, వాళ్ళు ఏమన్నా అంటారు" అని టెన్షన్ పడుతోంది. హిందువులు లోపలికి వెళ్ళవచ్చా సార్?
(విద్యార్థి, కావలి)

జవాబు: వెళ్ళవచ్చు నాయనా. అమ్మగారిని ఒక మాట అడుగు. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగకు ఎప్పుడైనా వెళ్ళిందా? అక్కడ రొట్టెలు మార్చుకునే ఆడవాళ్ళలో బొట్టు పెట్టుకున్నవాళ్ళే ఎక్కువ. కసుమూరు మస్తాన్ వలీ దగ్గరికి, ఏఎస్ పేట దర్గాకు మన ఊళ్ళ నుంచి మొక్కులు తీర్చుకోవడానికి పోయేవాళ్ళు ఏ కులం, ఏ మతం అని ఎవరూ అడగరు. బీదర్ దానికి దూరపు చుట్టమేమీ కాదు.

ఊరికి తూర్పున అష్టూరులో బహమనీ సుల్తాన్ల సమాధులు వరసగా ఉన్నాయి. వాటిలో రాజధానిని బీదర్‌కు తెచ్చిన అహ్మద్ షా సమాధి చూడాలి. 1436లో పోయాడు. జనం ఆయన్ని వలీ, అంటే మహనీయుడు, అని కొలుస్తారు. అక్కడి లింగాయతులు ఆయన్ని తమ గురువు అల్లమప్రభు పేరుతో పిలుస్తారు. ఉరుసు హోళీ తర్వాతి రోజుల్లో, మన పంచాంగం లెక్కన జరుగుతుంది. ఒక జంగమయ్య కలబురగి వైపు నుంచి నడిచి వచ్చి, శంఖం ఊది, కొబ్బరికాయ కొడతాడు. ఇది ఇవాళ నిన్న ఎవరో మతసామరస్యం కోసం పెట్టిన సభ కాదు, తరాల నుంచి వస్తున్న ఆచారం.

లోపలికి వెళ్ళి పైకి చూడు. గోపురం లోపలంతా బంగారు రంగు, ఎరుపు, నీలం కలిపిన రాతలు, తీగలు, చక్రాలు. మసక వెలుతురు కాబట్టి కళ్ళు అలవాటు పడేదాకా నిలబడాలి. ఫ్లాష్ వేయవద్దు, రంగులు పాడవుతాయి.

నియమాలు పెద్దగా ఏమీ లేవు. చెప్పులు బయట వదలాలి. దర్గాలో తల మీద రుమాలు వేసుకోవాలి. ఆడపిల్లలు మీతో ఉంటే సమాధి దాకా పోనిస్తారో లేదో ముందు అడగండి, కొన్ని చోట్ల పోనివ్వరు. నమాజు జరిగే మసీదైతే ఆ సమయం అయ్యాక వెళ్ళండి. సమాధుల మీద ఎక్కి సెల్ఫీలు మాత్రం ఎవరు చేసినా నువ్వు చేయకు. అమ్మగారి భయానికి అసలు మందు అది. నువ్వు పద్ధతిగా ఉంటే నిన్ను ఎవరూ ఏమీ అనరు. పైగా టీ తాగమని కూర్చోబెడతారు.

ప్రశ్న: సార్, ఆత్మకూరు నుంచి మేము ఐదుగురం ఆడవాళ్ళం వెళ్ళాలనుకుంటున్నాం. రైలు, బస, శాకాహార భోజనం వివరాలు చెప్పండి.
(స్వయం సహాయక సంఘం సభ్యురాలు, ఆత్మకూరు)

జవాబు: నెల్లూరులో సింహపురి ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాద్. అక్కడి నుంచి ఇమ్లీబన్ బస్టాండుకు వెళ్తే బీదర్ బస్సులుంటాయి, మూడున్నర నాలుగు గంటల ప్రయాణం. వికారాబాద్ మీదుగా రైళ్ళూ ఉన్నాయి. బస ఊళ్ళో మామూలు లాడ్జీల నుంచి మంచి హోటళ్ళ దాకా దొరుకుతుంది. కర్ణాటక ఊరు కాబట్టి శాకాహారానికి లోటేమీ లేదు, జొన్నరొట్టె, వంకాయ కూర అడగండి. ఉర్దూ, కన్నడం నడుస్తాయి. తెలుగు కూడా చాలామందికి అర్థమవుతుంది. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్ళండి.

ప్రశ్న: బీదర్ వెళ్ళినవాళ్ళంతా నల్లటి కూజాలు, డబ్బాలు తెస్తున్నారు. మా పెళ్ళిరోజుకు ఒకటి కొనాలని ఉంది. అసలుది, నకిలీది ఎలా గుర్తుపట్టాలి? ఇంట్లో ఎలా ఉంచుకోవాలి?
(పలకల వ్యాపారి, మార్కాపురం)

జవాబు: అది బిద్రీ పని. నలుపు గురించి మార్కాపురం వాళ్ళకు నేను చెప్పాలా! అసలు బిద్రీ నలుపు మీ పలక నలుపులాగే ఉంటుంది. మెరిసే పెయింటు నలుపు కాదు, లోపలి నుంచి వచ్చిన నలుపు.

ఎలా చేస్తారో తెలిస్తే ఏది అసలో మీకే తెలుస్తుంది. జింకులో కొద్దిగా రాగి కలిపి, ఇసుక అచ్చులో పోత పోస్తారు. ఆకురాయితో గరుకు తీసి, మైలుతుత్తం నీళ్ళు పూసి తాత్కాలికంగా నలుపు తెప్పిస్తారు. ఆ నలుపు మీద ఉలి మొనతో డిజైను గీస్తే తెల్లటి గీత కనపడుతుంది. అది కూడా కంటి అంచనాతోనే, కాగితం పెట్టుకోకుండా. గీసిన చోట సన్నగా గాడి తవ్వి, అందులోకి వెండి తీగో, రేకో సుత్తితో కొట్టి దించుతారు. మళ్ళీ నునుపు చేస్తారు. ఇప్పుడు వెండీ, జింకూ రెండూ తెల్లగానే ఉంటాయి, డిజైను సరిగా కనపడదు. ఆఖరున కోటలోని పాత గోడల దగ్గర మట్టిని నవాసారంతో కలిపి, వేడి చేసిన వస్తువుకు రుద్దుతారు. జింకు నల్లబడిపోతుంది. వెండి మాత్రం అంటుకోకుండా అలాగే మెరుస్తుంది. ఏళ్ళ తరబడి ఎండా వానా తగలని మట్టి అయితేనే పని జరుగుతుందంటారు. పనివాళ్ళు ఆ మట్టిని చిటికెడు నాలుక మీద వేసుకుని పనికొస్తుందో లేదో చెప్పేస్తారు. 2006లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

కాబట్టి మీరు చూడాల్సింది ఇది. చేతిలోకి తీసుకుంటే బరువుండాలి. వెండి గీత మీద వేలు రాస్తే ఎత్తు పల్లం తగలకూడదు, లోపల కూర్చుని ఉండాలి. పైన పూసిన వెండి రంగైతే గీత అంచులు మొద్దుగా ఉంటాయి. వీలైతే పాత ఊళ్ళో పని జరిగే చోటే కొనండి. పొగలో, జింకు పొడిలో కూర్చుని రోజంతా సుత్తి కొట్టేవాళ్ళ చేతికే నేరుగా డబ్బు అందుతుంది. బేరం ఆడితే ఆడండి గాని మరీ సగానికి అడగవద్దు. మీది కూడా చేతిపని నమ్ముకున్న ఊరే కదా.

ఇంట్లో చింతపండు, నిమ్మకాయ పెట్టి తోమనివ్వకండి, నలుపు పోతుంది. మెత్తటి పొడి గుడ్డతో తుడిచి, ఎప్పుడైనా ఒక్క చుక్క కొబ్బరినూనె రాయండి.

ప్రశ్న: మాస్టారూ, మీ మీద కొంచెం కోపంగా ఉంది. మన ఉదయగిరి కొండ మీద కోట, మసీదు ఉండగా, పక్క రాష్ట్రం ఊరిని నెత్తిన పెట్టుకుంటున్నారేమిటి?
(వింజమూరు పాఠకుడు)

జవాబు: కోపం న్యాయమైనదే. ఉదయగిరిలో నేను చాలా కాలం పాఠం చెప్పాను. ఆ కొండను చూడకుండా నాకు తెల్లవారేది కాదు. దాన్ని తక్కువ చేయడం నాకు చేతకాదు.

మూడు వేల అడుగుల పైన ఎత్తు. కృష్ణదేవరాయలంతటివాడు దాని కింద ఏడాదిన్నర దాకా కాచుకుని కూర్చుంటే గాని, 1514లో అది లొంగలేదు. అప్పుడు దాన్ని పట్టుకుని ఉన్నది గజపతులు. గవాన్ ప్రాణం తీసిన దొంగ ఉత్తరం ఏ ఇంటి రాజు పేర రాశారో, ఆ ఇంటివాళ్ళే. రాయలు ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకెళ్ళి హంపిలో గుడి కట్టించాడు. ఆ తర్వాత గోల్కొండ చేతికి వచ్చింది. కొండ మీది మసీదులో పర్షియన్ శాసనాలున్నాయి, అబ్దుల్లా కుతుబ్ షా కాలం నాటివి. గుళ్ళూ, మసీదూ, నీటి గుండాలూ ఒకే కొండ మీద. గోల్కొండ పుట్టింది బీదర్ సుల్తాన్ల కొలువులోంచే కాబట్టి, బీదర్ చూసి వచ్చినవాళ్ళకు ఉదయగిరి ఇంకా బాగా అర్థమవుతుంది. నేను పంపిస్తున్నది అందుకే.

తేడా ఎక్కడుందో చెప్తాను. బీదర్‌లో గోడ మీద చెట్టు మొలిస్తే కొట్టేవాళ్ళున్నారు. ఉదయగిరిలో రావి వేళ్ళు రాళ్ళను విడదీస్తుంటే చూస్తూ ఊరుకుంటున్నాం. గోడల మీద ప్రేమికుల పేర్లు, గుంటల్లో సారా సీసాలు. గుప్తనిధులని తవ్విపోసిన గోతులు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మీ కోపాన్ని నా మీద కాదు, అటు మళ్ళించండి. మీ ఊరి హైస్కూలు పిల్లల్ని చలికాలంలో ఒక ఆదివారం తీసుకెళ్ళండి. దారి తెలిసిన స్థానికుడు ఒకరు వెంట ఉండాలి, మంచినీళ్ళు మోసుకుపోవాలి, మధ్యాహ్నం దాటకముందే దిగిపోవాలి. కిందికి వచ్చాక చెక్క చెంచాలు, గరిటెలు చేసే ముస్లిం కుటుంబాల దగ్గర ఆగి, ఆ పని కూడా చూపించండి. నాకు చెప్తే నేనూ వస్తాను, కొండ కింద వరకైనా.

ప్రశ్న: సార్, నేను ఎనిమిదో తరగతి. సెలవుల్లో నాన్నతో బీదర్ వెళ్తున్నాను. మధ్యలో స్తంభం లేకుండా గుమ్మటం కింద పడకుండా ఎలా ఉంటుంది?
(పొదిలి)

జవాబు: బాబూ, దీనికి జవాబు అష్టూరులోనే కళ్ళకు కట్టినట్టు ఉంది. అహ్మద్ షా సమాధి నుంచి కొంచెం ముందుకు పోతే హుమాయూన్ అనే సుల్తాన్ సమాధి వస్తుంది. ఢిల్లీ హుమాయూన్ కాదు, ఈయన బహమనీ రాజు. పిడుగు పడి ఆ గుమ్మటం సగానికి చీలి కూలిపోయింది. మిగిలిన సగం ఇప్పటికీ నిలబడి ఉంది. లోపల ఎలా కట్టారో బయటి నుంచే చూడవచ్చు.

ముందు కింద గది చూడు, నలుచదరంగా ఉంటుంది. పైన గుమ్మటం గుండ్రం. చదరం మీద గుండ్రాన్ని నిలబెట్టడానికి నాలుగు మూలల్లో అడ్డంగా కమానులు వేశారు. దాంతో నాలుగు మూలలు ఎనిమిదయ్యాయి. ఆ ఎనిమిది పలకల మీద గుండ్రం సులువుగా కూర్చుంటుంది. ఇక గుమ్మటంలో ఇటుకలను వరస మీద వరస, చుట్టూ కంకణాలలాగా పేర్చుకుంటూ పోతారు. ఒక్కో ఇటుక లోపలికి పడబోతుంది. పక్కనున్న రెండు ఇటుకలు దాన్ని నొక్కి పట్టుకుంటాయి. చుట్టూ అన్నీ అలాగే నొక్కుకుంటాయి కాబట్టి ఏదీ పడదు. బరువంతా గోడల్లోకి దిగుతుంది. అందుకే గోడలు అంత లావు. గుమ్మటానికి వాడిన ఇటుకలు మాత్రం తేలికైనవి. చీలిన అంచు దగ్గర ఆ ఇటుకల వరసలు విడివిడిగా కనిపిస్తాయి, నీ నోట్‌బుక్‌లో బొమ్మ గీసుకో.

గీసేటప్పుడు మాత్రం ఆ చీలిక కింద నిలబడకు. ఇటుకలు రాలే అవకాశం ఉంది. నాన్నతో కలిసి ఎదురుగా, కొంచెం దూరంగా కూర్చో. గీసిన బొమ్మ నాకు పంపితే వచ్చే నెల ఇక్కడే వేస్తాను.